అయిపాయె అన్నాక మిగిలిన దారి

రండమ్మా, దగ్గరగా రండి. ఆ చాప ఇటు లాక్కుని కూర్చోండి. నేను మాత్రం కాళ్లు చాపుకునే చెబుతాను, ఏమీ అనుకోకండి. సికింద్రాబాద్ నుంచి వచ్చి వారం దాటింది, నా పిక్కలు మాత్రం ఇంకా నా మాట వినడం లేదు. మీరెవరూ అక్కడికి వెళ్లలేదు, ఇలాంటి పనికి అసలు వెళ్లలేదు. అందుకని మొదటి నుంచీ చెబుతాను. తొందర పెట్టకండి.

విజిల్ సంగతి

విశాఖపట్నంలో సముద్రం పక్క పేట మాది. మా పేట చివర క్లబ్బులో ఈత కొలను ఉంది. అక్కడ సాయంత్రం ఒక గంట ఆడవాళ్లకే. ఆ గంటసేపూ గట్టు మీద విజిల్ మెడలో వేసుకుని, ఎవరైనా తడబడితే దూకడానికి సిద్ధంగా కూర్చునే ఉద్యోగం నాది. నాకు చదువు అంతంత మాత్రం. నీళ్లు మాత్రం చిన్నప్పటి నుంచి తెలుసు.

పోయినేడు గర్భసంచి తీయించుకున్నాను. కుట్లు మానాయి. డాక్టరమ్మ ఈదుకోమంది, పరిగెత్తమని కూడా అంది. వీధి ఒప్పుకోలేదు. నీళ్ల బిందె ఎత్తబోతే ఎవరో ఒకరు వచ్చి లాక్కునేవారు. "కడుపు కోసిన మనిషివి, నీకెందుకమ్మా" అనేవారు. ప్రేమతోనే అనేవారు. ఆ ప్రేమ మోసి మోసి అలిసిపోయాను.

క్లబ్బు మేనేజరుగారు కూడా మంచివారే. "ఎవరైనా మునిగితే నువ్వు దూకి లాగగలవా, సింహాచలం? నాకు భయంగా ఉంది" అని నా విజిల్ తీసుకుని సొరుగులో పెట్టారు. నా చోట ఒక కుర్రపిల్లను కూర్చోబెట్టారు.

అప్పుడే సికింద్రాబాద్‌లో ఉన్న మా మరిది అప్పలరాజు ఫోన్ చేశాడు. వాళ్ల ఆఫీసు గోడ మీద ఒక పోటీ కాగితం అంటించారట. ట్రయాథ్లాన్ అంటారు. ముందు ఈత, ఒళ్లు ఆరకముందే సైకిలు, సైకిలు దిగీ దిగకముందే పరుగు. మూడూ మధ్యలో ఆగకుండా. పెద్దది చాలా దూరం ఉంటుందట, ఇది పొట్టిది. పొట్టిది అన్నది వాళ్ల మాట, నాది కాదు.

ఆ సంగతి మేనేజరుగారికి చెబితే నవ్వారు. "టైములోపల ముగించి, మెడల్ తెచ్చి చూపించు. విజిల్ తీసుకెళ్లు" అన్నారు. నవ్వుతూనే అన్నారు కానీ మాట మాటే కదా. ఆ రోజు నుంచి తెల్లారకముందే సముద్రం ఒడ్డున పరిగెత్తాను. మా ఆయన వెనకాల స్కూటరు మీద ఆవులిస్తూ వచ్చేవాడు.

పద్మారావు నగర్

రైల్లో నా ఎదుట ఒక ముసలమ్మ కూర్చుని రాజమండ్రి దాకా తన కోడలి సంగతులు చెప్పింది. తరవాత నిద్రపోయింది. నాకు నిద్ర పట్టలేదు. పొద్దున్న సికింద్రాబాద్‌లో దిగే హడావిడిలో చోడిపిండి పొట్లం బెర్తు కింద మరిచిపోయాను. మొదటి తప్పు అదే. చోడి అంబలి తాగకుండా నేను పరిగెత్తింది ఎప్పుడూ లేదు.

మరిదీ, తోటికోడలు పార్వతీ పద్మారావు నగర్‌లో మేడ మీద వాటాలో ఉంటారు. మన వైపు వాళ్లు ఆ వీధిలో ఇంకా రెండు మూడు ఇళ్లవాళ్లు ఉన్నారు. గుమ్మంలోకి అడుగు పెట్టగానే పార్వతి నన్ను పైనుంచి కింద దాకా చూసింది.

"ఏటక్కా, ఇలాగ సిక్కిపోనావు? ఈ ఒంటితో పరిగెడతావేటి?"

"నువ్వూ మొదలెట్టకే తల్లీ. కాఫీ ఇయ్యి ముందు."

"ఇక్కడ కాఫీ ఏటి, టీయే. రా, తాగు. తాగినాక తిడతాను."

సాయంత్రం వీధి చివర ఇరానీ హోటలుకు తీసుకెళ్లారు. మన దగ్గర టీ గాజు గ్లాసులో పల్చగా ఇస్తారు కదా, అక్కడ కప్పూ సాసరూ. టీ చిక్కగా, కొంచెం ఉప్పగా అనిపిస్తుంది. బిస్కెట్ తీపీ ఉప్పూ కలిపి ఉంటుంది. ముంచి తినాలట. నేను ముంచాను, సగం విరిగి కప్పు అడుగుకు పోయింది. పక్క బల్ల మీద టోపీ పెట్టుకున్న పెద్దాయన తన చెంచా నా వైపు జరిపాడు. ఆ ఊళ్లో మొదట నాకు నచ్చిన మనిషి ఆయనే.

ఆ రాత్రి పార్వతి బెల్లం పులుసు పెట్టింది. ఊరు మారినా దాని చెయ్యి మారలేదు.

బోయిన్‌పల్లిలో చోళ్లు

మర్నాడు శనివారం. పార్వతి, పక్కిళ్ల ఆడవాళ్లు కలిసి బోయిన్‌పల్లి మార్కెట్‌కు వెళ్లి బస్తాల లెక్కన కూరగాయలు కొని తెచ్చి పంచుకుంటారు. వాళ్లు ఆటోలో వెళ్లారు. నేను పార్వతి కూతురి సైకిలు మీద వెళ్లాను, మర్నాటికి అది అలవాటు కావాలని. ముందు బుట్ట ఉన్న ఆడపిల్లల సైకిలు. పోటీకి కూడా అదే గతి.

ఆ మార్కెట్ సంగతి ఏం చెప్పమంటారు! టమాటాలు గుట్టలు గుట్టలు. మన రైతుబజారు దాని మూలకు సరిపోతుంది. బస్తా నెత్తిన పెట్టుకున్నవాళ్లు "జరుగు, జరుగు" అని అరుస్తూ మన మీదికే వస్తారు. మన గోరుచిక్కుళ్లను అక్కడ గోకరకాయ అంటారు. పార్వతి కరివేపాకు పెద్ద కట్ట కొని నా సైకిలు బుట్టలో పడేసింది.

నాకేమో అంబలి దిగులు. గేటు దగ్గర కిరాణా కొట్టాయనను అడిగాను, "చోళ్లు ఉన్నాయా బాబూ?"

"ఎంత గావాలె?"

"కిలో ఇయ్యి."

తూచి పొట్లం కట్టి ఇచ్చాడు. చేతికి గులకరాళ్లలా తగిలాయి. విప్పి చూద్దును కదా, లావుపాటి తెల్ల శనగలు!

"ఇవేంటి బాబూ? చోళ్లు అడిగితే శనగలు ఇచ్చావు?"

"ఛోలే అంటే శనగలే గదమ్మా! ఇంకేముంటయ్?"

"చోళ్లు, చోళ్లు! ఎర్రగా, చిన్నగా ఉంటాయి. అంబలి కాస్తాం."

ఆయన తల గోక్కున్నాడు. వెనక నిలబడ్డ ఆవిడ నవ్వింది. "ఓ, తైదలు అడుగుతుందన్నా ఆమె. తైదలు!"

"తైదలా! గట్ల చెప్పరాదమ్మా, పొద్దుగాల్నే పరేషాన్ చేస్తివి."

తైదలన్నా రాగులన్నా మన చోళ్లేనట. పిండే ఉంది, ఇచ్చాడు. అప్పటికి పార్వతి వచ్చింది. కొట్టు ముందు నిలబడి పొట్ట పట్టుకుని నవ్వింది. "ఇక్కడ మన మాట అనేస్తే అవదక్కా. వాళ్ల మాట వాళ్లకున్నాది" అంది. ఆ మాట నేను చెవిన పెట్టి ఉండాల్సింది.

యాప్రాల్, ఈత

ఆదివారం తెల్లారకముందే అంబలి తాగి యాప్రాల్ వెళ్లాం. ఊరికి ఉత్తరంగా, కొత్త ఇళ్లు లేస్తున్న చోటు. ఇంటికీ ఇంటికీ మధ్య పెద్ద పెద్ద రాళ్లు. అక్కడ ఒక బడిలో ఈత కొలను ఉంది, పోటీ అక్కడే మొదలు, అక్కడే ఆఖరు.

గుడ్డ నంబర్లు ఇచ్చే బల్ల దగ్గర ఒక గొడవ. నా పేరు మగవాళ్లలో రాసేశారు. బల్ల దగ్గర కుర్రాడు నా వెనక్కి, అటూ ఇటూ చూసి, "సింహాచలం గారు ఏరీ? ఆయన్నే రమ్మనండి మేడమ్, వేరేవాళ్లకు ఇయ్యం" అన్నాడు.

"ఆయన నేనే బాబూ."

మా మరిది పక్కన నిలబడి, "మా వైపు ఆడోళ్లకీ మగోళ్లకీ అదే పేరండి. మా ఈధిలో నలుగురున్నారు" అని సాక్ష్యం చెప్పాడు. నంబరు మార్చి ఇచ్చారు.

తరవాత మైకులో చెప్పారు: ఎండ ముదురుతుంది కాబట్టి తొమ్మిదికల్లా ముగింపు గీత మూసేస్తాం, అప్పటికి వచ్చినవాళ్లకే మెడల్. నేను మొక్కుకోవడానికి వంగి కొలనులో నీళ్లు ముట్టుకుని కళ్లకద్దుకున్నాను. పక్కన ఒక ఆడపిల్ల, "వాటర్ చల్లగా ఉందా ఆంటీ?" అని అడిగింది.

ఈత బాగానే జరిగింది. ఆడవాళ్లలో నాకంటే ముందు ఇద్దరో ముగ్గురో. చెయ్యి చాపినప్పుడల్లా పొత్తికడుపులో కుట్టు ఉన్నచోట చిన్నగా లాగేది. అది నొప్పి కాదు, ఎవరో కొంగు పట్టుకుని ఆపుతున్నట్టు.

గట్టెక్కాకే చిక్కు. మన కొలనులో ఆడవాళ్ల గంటకు మగపురుగు ఉండదు కదా. ఇక్కడ గట్టు నిండా మగవాళ్లే, తడి బట్టలతో అందరూ అలాగే సైకిళ్ల దగ్గరికి పరుగు. నా వల్ల కాలేదు. తడి ఒంటి మీద చుడీదారు ఎక్కించబోతే అది మోకాలు దగ్గర చుట్టుకుపోయి కదలదు. పార్వతి తాడు అవతల నుంచి, "ఒగ్గేయక్కా, అలాగే ఎలిపో!" అని అరుస్తోంది. అలాగే ఎలా వెళ్లను? నాకంటే వెనక గట్టెక్కినవాళ్లందరూ ఒక్కొక్కరే వెళ్లిపోయారు. బట్ట ఎక్కేసరికి ఆ చోట నా సైకిలు ఒక్కటే మిగిలింది.

సైకిలు

బుట్టలో నిన్నటి కరివేపాకు అలాగే ఉంది. తియ్యడం ఎవరికీ గుర్తు లేదు. గుంత వచ్చినప్పుడల్లా ఆకు నలిగి వాసన. పోపు వాసనలో తొక్కుతున్నట్టు తొక్కాను.

అక్కడి రోడ్లు మన బీచి రోడ్డులా ఉండవు. ఎక్కు, దిగు, మళ్లీ ఎక్కు. ఒక ఎక్కు మీద గొలుసు ఊడింది. టీ బండి పక్కన దిగి వేలితో సర్దుతుంటే బండి దగ్గర కూర్చున్న ముసలాయన పలకరించాడు.

"ఏం పోటీ అక్కా ఇది? గెలిస్తే ఏమిస్తరు?"

"గెలవడం లేదు పెద్దాయనా. ముగిస్తే మెడల్ ఇస్తారు."

"బంగారందా?"

"రేకుదే."

"రేకు కోసం గింత తక్లీఫా!" అన్నాడు, కానీ నవ్వలేదు. నిజంగా జాలిపడ్డాడు. తన భుజం మీది గుడ్డ ఇచ్చి, "చెయ్యి తుడ్సుకో, నల్లగయింది" అన్నాడు.

నిజం చెప్పొద్దూ, ఆ క్షణం ఆ ముసలాయన పక్కన కూర్చుండిపోవాలనిపించింది. మెడల్ లేదు, విజిల్ లేదు, ఒక కప్పు టీ చాలు అనిపించింది. కానీ సొరుగులో ఉన్న విజిల్ కళ్లకు కట్టింది. దాని తాడు నేనే పేనాను, ఎర్ర దారంతో. మళ్లీ తొక్కాను.

అయిపాయె

పరుగంటే పరుగు కాదు. సైకిలు దిగిన కాళ్లు మన కాళ్లలా ఉండవు, ఎవరివో అరువు తెచ్చుకున్నట్టు ఉంటాయి. ఎండ ఎక్కింది. దారి పక్కన అడ్డుగా పెట్టిన ఎర్ర టోపీల్లాంటివి ఉంటాయే, వాటిని ఒక ఆటోలోకి ఎత్తేస్తున్నారు. నా ముందు ఒక్కరూ కనబడరు, వెనక ఎవరూ లేరు. గడియారం కట్టుకోలేదు. తొమ్మిది అయిందా లేదా అన్నది ఒక్కటే నా బుర్రలో తిరుగుతోంది.

ఆఖరి మలుపు దగ్గర నీళ్ల బల్ల. దాని వెనక తెల్లచీర, కాన్వాసు బూట్లు వేసుకున్న ఒక పెద్దావిడ. నన్ను చూడగానే రెండు చేతులూ పైకెత్తి గట్టిగా అరిచింది:

"అయిపాయె అక్కా! అయిపాయె, అయిపాయె!"

ఇంకేముంది, అనుకున్నాను. అయిపోనాది. మూసేశారు. అందుకే ఆ ఎర్ర టోపీలు ఎత్తేస్తున్నారు. రోడ్డు అంచున రాతి మీద కూర్చుని బూట్లు విప్పేశాను. ఏడుపు కూడా రాలేదు. ఏడవడానికి కూడా ఓపిక కావాలి కదా. ఒక పక్క కొంచెం హాయిగా కూడా అనిపించింది, అబద్ధం ఎందుకు. అందరూ కూర్చోమన్నారు కదా, కూర్చున్నాను.

ఆవిడ కాసేపు చూసింది, ఊపిరి తీసుకుంటున్నాననుకుంది కాబోలు. తరవాత నీళ్ల గ్లాసు పట్టుకుని వచ్చింది.

"ఏందమ్మా, గిట్ల కూసున్నవ్? లే లే."

"ఎందుకండీ? అయిపోయిందన్నారు కదా."

"ఎవరన్నరు?"

"మీరే కదండీ! అయిపాయె, అయిపాయె అని అరిచారు."

ఆవిడ చేతిలో గ్లాసు వాలిపోయింది. గ్లాసులో నీళ్లు ఒలికిపోతున్నాయి. "అయ్యో నా ప్రభువా! అయిపాయె అంటే... ఇంక జెరంతనే ఉన్నది, అయిపోవచ్చింది అని! పిల్లకు సూది ఏసేటప్పుడు అనమా, అయిపాయె బిడ్డా, అయిపాయె అని? సూది ఇంక లోపల్నే ఉంటది గదా!"

నిజమే. ఆపరేషన్ అయ్యాక కట్టు మార్చే నర్సమ్మ మన ఊళ్లోనే నాతో అంది, అయిపోయింది, అయిపోయింది అని. అప్పటికి సగం కూడా కాలేదు.

"ఇంకా టైముందా అండీ?"

ఆవిడ చేతి గడియారం చూసింది. నా జబ్బ పట్టుకుని లేపింది. "ఉరుకు."

బూట్లలోకి పాదాలు పట్టలేదు, వాచిపోయాయి. వట్టి కాళ్లతోనే పరిగెత్తాను. ఆవిడ నా బూట్లు చేత పట్టుకుని, చీర కుచ్చిళ్లు రెండో చేత ఎత్తిపట్టుకుని నా పక్కనే ఉరికింది. "నాదే తప్పు, నాదే తప్పు. ఉరుకు బిడ్డా!" అంటూ. మలుపు తిరిగితే బడి గేటు, గేటు లోపల గీత. గీత మీద గాలి నింపిన పెద్ద ద్వారం ఉంటుంది. దాని గాలి తీసేస్తున్నారు. ఒక పక్క వాలిపోయి, గుడ్డ కిందికి వేలాడుతోంది. నేను తల వంచి దాని కింద నుంచి దూరాను.

అక్కడ పేర్ల అట్ట పట్టుకున్నాయన నన్ను చూసి, "అయిపాయె మేడమ్" అన్నాడు. ఈసారి ఏ అయిపాయెనో నేను అడగలేదు. పార్వతి పరిగెత్తుకొచ్చి నన్ను పట్టుకుంది. నేను దాని భుజం మీద బరువంతా వేసేశాను.

ఉప్మా

తొమ్మిది దాటి కొద్దిసేపయింది. అంతే. మెడల్ ఇవ్వలేమన్నారు. తెల్లచీర ఆవిడ చాలాసేపు వాదించింది. "నా మాట వల్ల ఆమె కూసున్నది. లేకుంటే టైముకే వచ్చేటిది. నన్ను కోప్పడుండ్రి, ఆమెకు మెడల్ ఇయ్యుండ్రి." అట్ట పట్టుకున్న ఆ పెద్దమనిషి కూడా బాధపడ్డాడు. అయినా ఒకరికి ఇస్తే ఇంకా అడిగేవాళ్లుంటారని చేతులు జోడించాడు. గుడ్డ నంబరు మాత్రం ఉంచుకోమన్నాడు.

ఆవిడ రిటైరైన టీచరమ్మ, పేరు ప్రమీల. గోడ నీడన కూర్చోబెట్టి తన డబ్బాలోని ఉప్మా పెట్టింది. చల్లారిపోయి గట్టిపడింది. అంత రుచైన ఉప్మా నేను తినలేదు. "ఇయ్యాల పొద్దుగాల చర్చిల ఆరాధన ఇడ్సిపెట్టి ఈ నీళ్లు పొయ్యనీకె వచ్చిన. రెండో ఆరాధనకన్న పోవాలె" అంది. వెళ్లేముందు నా చెయ్యి పట్టుకుని కళ్లు మూసుకుని పైకే ప్రార్థన చేసింది. నా కాళ్ల కోసం, నా కడుపు కోసం, నా ఉద్యోగం కోసం, ఆఖరికి తన నోటిని క్షమించమని. మన వైపు దేవుడికి లోపల చెప్పుకుంటాం, పక్కవాళ్లకు వినబడేలా చెప్పుకోం. నాకు సిగ్గనిపించింది. చెయ్యి మాత్రం వెనక్కి తీసుకోబుద్ధి కాలేదు.

మా మరిది రైలెక్కించేటప్పుడు, "మెడల్ ఒకటి బజారులో కొనేద్దుమా వదినా? ఎవులికి తెలుస్తాది?" అన్నాడు. వాడి నెత్తిన ఒకటి మొట్టాను.

ఇంటికొచ్చాక

మర్నాడు పొద్దున్నే క్లబ్బుకు వెళ్లాను. గుడ్డ నంబరు బల్ల మీద పెట్టాను.

"మెడల్ ఏది?" అన్నారు మేనేజరుగారు.

"ఇవ్వలేదండి. టైము దాటింది." జరిగింది జరిగినట్టు చెప్పాను. అయిపాయె దగ్గర ఆయన పకపకా నవ్వారు. తరవాత నవ్వు ఆపి కొంచెంసేపు ఆ గుడ్డను తిప్పి తిప్పి చూశారు.

"మూసేశారనుకుని కూర్చున్నావు. బూట్లు కూడా విప్పేశావు."

"అవునండి."

"మళ్లీ లేచావా?"

"లేచానండి."

ఆయన సొరుగు లాగారు. "వారంలో సగం రోజులు ఆ పిల్ల చేస్తుంది, సగం రోజులు నువ్వు. దసరా దాకా చూద్దాం" అన్నారు. నేను అడిగింది మొత్తం, దొరికింది సగం. సగానికే ఈ కాళ్లు ఇంత నొప్పి పెడుతున్నాయి, ఇప్పటికి ఇది చాలు.

ఇక్కడ ఇంకొక్క మాట చెప్పి ముగిస్తాను. నిన్న ఆడవాళ్ల గంట పూర్తయింది. అలవాటు ప్రకారం విజిల్ ఊది, "అయిపోయిందమ్మా, పైకి రండి" అనబోయి నోరు జారి, "అయిపాయె!" అన్నాను. ఈ కథ అప్పటికే విన్నవాళ్లు కదా, ఒక్కరూ పైకి రాలేదు. నీళ్లలో నుంచి నవ్వులు. "అయిపాయె అంటే ఇంకా ఉన్నట్టే కదా సింహాచలం!" అని ఇంకో చుట్టు ఈదేశారు. నేను గట్టు మీద కూర్చుని వాపు కాళ్లు నీళ్లలో పెట్టుకుని చూస్తూ ఉండిపోయాను.

ఇక లేవండమ్మా, దీపాలు పెట్టే వేళయింది. మీ ఇళ్లలో బిందెలు ఎప్పుడూ నిండి ఉండాలి, వాటిని ఎత్తే చేతుల్లో సత్తువ ఉండాలి. మీ వాళ్లెవరైనా దారిలో కూలబడితే, బూట్లు చేత పట్టుకుని పక్కన ఉరికే మనిషి ఒకరు ఆ దారిలోనే దొరకాలి. మీ గడపలో ఎవరి నోట అయిపాయె అన్న మాట వచ్చినా, అది ఆ టీచరమ్మ అన్న అయిపాయే కావాలి. చల్లగా ఉండండి.